ముకద్దెస్ మార్చి చెప్పిన మాట

ముకద్దెస్ మా క్లినిక్‌లో దుబాసీ. నెత్తిమీద జుట్టు కోసం, గడ్డం కోసం, కనుబొమల కోసం ఇస్తాంబుల్‌లో దిగే పరాయిదేశం వాళ్లలో బల్గేరియా వాళ్లంతా ఆమె చేతుల మీదుగానే లోపలికి వచ్చేవాళ్లు. నేను అక్కడ వెంట్రుకలు నాటే నర్సుని. పన్నెండేళ్లపాటు రోజూ పొద్దున్నే అవ్‌జిలార్‌లో మెట్రోబస్ ఎక్కి, కూర్చోడానికి చోటు దొరక్క, షిష్లీ దాకా ఆమె పక్కన నిలబడే వెళ్లాను. అందుకని ఆమె గురించి నేను చెప్పేదాంట్లో వినికిడి తక్కువ, చూసింది ఎక్కువ.

ఆమె పుట్టింది బల్గేరియాలోనే, రజ్‌గ్రాడ్ దగ్గర ఒక పొగాకు పల్లెలో, మా టర్కీ వాళ్లింట్లో. అక్కడి సర్కారు టర్కీ పేర్లు వద్దంటే, మూడో తరగతిలో ఉండగా ఒక రోజు పంతులమ్మ హాజరుపట్టీలో ముకద్దెస్ అన్న పేరు కొట్టేసి మిలేనా అని రాసిందట. మరో నాలుగేళ్లకి అమ్మానాన్నా, ఆమె, ఒక కుట్టుమిషనూ సరిహద్దు దాటి ఇటు వచ్చేశారు. "బళ్లో ఒక మాట, ఇంట్లో ఒక మాట. ఇంటి మాట బళ్లో పొక్కకూడదు, బడి మాట చెప్పి అమ్మని ఏడిపించకూడదు. అటుదీ ఇటుదీ కాస్త సర్ది చెప్పడం నాకు అప్పుడే వచ్చేసింది జెలిహా," అని ఒకసారి నాతో అంది. ఆ మాట నవ్వుతూ చెప్పింది.

క్లినిక్‌లో కూడా అదే పని చేసేది. మత్తుసూది చూసి బెదిరిపోయిన ఒక లారీ డ్రైవరు డాక్టర్‌ని నానా మాటలూ అంటే, "కొంచెం నెమ్మదిగా చెయ్యమంటున్నాడండీ," అని చెప్పింది. మా డాక్టర్ నెజాత్ గారు ఒకాయన తల వెనక, నాటడానికి వెంట్రుకలు తీసే చోటు చూసి, "ఇక్కడ మిగిలిందేముందమ్మా తియ్యడానికి?" అంటే, ఆ వచ్చినాయనతో "జాగ్రత్తగా ఎంచి తీస్తారట," అని చెప్పింది. అందరూ సంతోషంగా వెళ్లేవాళ్లు. పండక్కి ఆమెకి గులాబీ అత్తరు సీసాలు పంపేవాళ్లు. భర్త పోయి, పిల్లలు లేక, ముసలితల్లి సబ్రియెతో ఒక మూడో అంతస్తు ఇంట్లో ఉండే ఆమెకి ఆ సీసాలంటే ఎంత గర్వమో! అల్మరాలో వరసగా పేర్చుకునేది.

నెవెనా వచ్చింది ఒక సెప్టెంబరు మంగళవారం. రూసె ఊళ్లో మందుల షాపులో పనిచేసే అమ్మాయి, ఇరవై తొమ్మిదేళ్లు ఉంటాయి. ఒంటరిగా వచ్చింది. నుదుటి మీదికి జుట్టు కత్తిరించుకుని, దళసరి ఫ్రేము కళ్లజోడు పెట్టుకుని ఉంది. పెన్సిల్‌తో ఎంత నేర్పుగా గీసుకుందంటే, నేను తడి దూదితో తుడిచేదాకా ఆమెకి కనుబొమలు లేవని నాకు తెలియలేదు. తుడిచాక ఆ ముఖం చూసి నా చెయ్యి ఆగింది. అక్కడక్కడ నల్లచుక్కల్లాంటి మొదళ్లు తప్ప ఏమీ లేదు. ఆమె నా చేతిలోని మరకపడ్డ దూదినే చూస్తోంది.

అంతకు ముందువారం ముకద్దెస్ తెచ్చిన ఇద్దరిని డాక్టర్ వెనక్కి పంపేశారు. ఒకామెకి చక్కెర జబ్బు, ఇంకొకామెకి చర్మం మీద ఏదో. ఆ పొద్దున్నే మా మేనేజర్ ఇల్క్‌నుర్ హానిమ్, అంటే ఇల్క్‌నుర్ అమ్మగారు, టీ గ్లాసు పట్టుకుని అందరి ముందూ అడిగింది:

"ఏం ముకద్దెస్, మీ బల్గేరియా వాళ్లు ఇక్కడికి వైద్యానికి వస్తున్నారా, బోస్ఫరస్‌లో పడవెక్కడానికి వస్తున్నారా?"

అందరూ నవ్వారు. ముకద్దెస్ కూడా నవ్వింది గాని, చేతిలో ఉన్న సిమిత్, ఆ నువ్వుల రొట్టె ముక్క, తినకుండా కాగితంలో చుట్టి సంచిలో పెట్టేసుకుంది.

డాక్టర్ గదిలో నేను పరికరాలు సర్దుతూ ఉన్నాను. నెజాత్ గారు కళ్లద్దాలు పైకి తోసుకుని అడిగారు:

"ఎప్పటి నుంచి ఇలా ఉంది? ఎందువల్ల పోయాయి?"

ముకద్దెస్ బల్గేరియన్‌లో అడిగింది. నెవెనా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఆగింది, గొంతు సవరించుకుంది, మళ్లీ మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, అది ఆమె ఎవరికీ చెప్పుకోని విషయమని మాత్రం తెలిసింది. చెప్పడం అయ్యాక తల ఎత్తి డాక్టర్ వైపే చూసింది.

ముకద్దెస్ డాక్టర్ వైపు తిరిగి అంది:

"ఏళ్ల తరబడి పార్లర్‌లో పీకించుకుని సన్నం చేయించుకుందట డాక్టర్ గారూ. ఇక రావడం మానేశాయట."

ఆయన తల ఊపారు. అది రోజూ వినే మాటే. సగంమంది ఆడవాళ్లు ఆ కారణంతోనే వస్తారు. "రక్తపరీక్ష బాగుంది. చేద్దాం," అన్నారు.

ముకద్దెస్ ఆ మాట చెప్పగానే నెవెనా లేచి డాక్టర్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏడ్చేసింది. ఆయన కంగారుపడ్డారు.

"ఇదేంటమ్మా, పార్లర్‌కెళ్లినందుకు ఇంత ఏడుపా?"

"వచ్చే వేసవిలో పెళ్లండీ. అందుకని," అంది ముకద్దెస్.

పెళ్లి మాట నిజమే. నెవెనా చెప్పింది మాత్రం వేరని నాకు తరవాత తెలిసింది. పదకొండో ఏట నుంచీ ఆమె తన కనుబొమల్ని తన వేళ్లతోనే పీకేసుకుంటోంది. చదువుతూ, టీవీ చూస్తూ, నిద్రపట్టక దొర్లుతూ ఒక్కో వెంట్రుకా పీకుతుంది. వద్దనుకుంటూనే పీకుతుంది. ఆరువారాలుగా ముట్టుకోలేదట. పెళ్లికొడుక్కి తెలీదట. "ఇది విన్నాక కూడా చేస్తారా అని అడుగు," అని ముకద్దెస్‌ని బతిమాలిందట.

అలాంటివాళ్లకి మా డాక్టర్ చెయ్యరు. రెండేళ్లు ముట్టుకోకుండా ఉండి, మనసు డాక్టర్ దగ్గర ఉత్తరం తెస్తేనే చేస్తారు. ఆ సంగతి ముకద్దెస్‌కి నాకంటే బాగా తెలుసు.

ఇక నా సంగతి కూడా చెప్పాలి. మెడ పైన జుట్టులోంచి ఒక్కో వెంట్రుకా తీసి, డాక్టర్ సన్నటి గాట్లు పెట్టాక, భూతద్దం కళ్లకి పెట్టుకుని నాటింది నేను. ఒక్కో వైపు రెండువందల ముప్ఫై. ఒక్కోదాన్నీ చర్మానికి ఆనించినట్టు పడుకోబెట్టి, ఏటవాలుగా గుచ్చాలి. లేకపోతే ముళ్లలా లేచి నిలబడతాయి. ఆ భూతద్దంలో ఆమె చర్మం నాకు స్పష్టంగా కనబడింది. పార్లర్‌లో పీకింది ఒక వరసలో ఉంటుంది. ఇక్కడ మొదళ్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మధ్యలో చిన్నచిన్న పుండ్లు మానిన మచ్చలు. ఇలాంటివి అంతకు ముందు రెండుసార్లు చూశాను. నోరు తెరవబోయాను. బయట మరో ఇద్దరు గౌన్లు వేసుకుని కూర్చున్నారు. డాక్టర్ అడిగారు కదా, అన్నీ కనుక్కున్నారు కదా అనుకుని పని చేసుకుపోయాను.

నాలుగున్నర గంటలు పట్టింది. ముకద్దెస్ ఆ సేపంతా ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ పట్టుకునే ఉంది. మధ్యలో నెవెనా ఏదో అంటే డాక్టర్ "ఏంటట?" అని అడిగారు. "ఏం లేదండీ, బాగానే ఉందట," అంది ముకద్దెస్. ఆ అమ్మాయి అన్నది "గట్టిగా పట్టుకో అక్కా, వదిలితే నా చేతులు పైకి వెళ్లిపోతాయి" అని నాకు తరవాత తెలిసింది.

వెళ్లేటప్పుడు అందరికీ చెప్పే జాగ్రత్తలే చెప్పాం. పదిరోజులు చెయ్యి తగలకూడదు. మూడోరోజు నుంచి పక్కులు కట్టి దురద పెడుతుంది, గోకకూడదు. నెలలోపు నాటిన వెంట్రుకలు రాలిపోతాయి, భయపడొద్దు, నాలుగోనెలలో మళ్లీ వస్తాయి. సాయంత్రం ముకద్దెస్ మందుల షాపులో మెత్తటి నూలు చేతితొడుగులు ఒక జత కొనడం చూసి, "ఎవరికక్కా?" అన్నాను.

"అమ్మకి. చేతులు పగిలాయి," అంది.

నాలుగోరోజు పదింటికి నెవెనా ముఖం కడిగించుకోడానికి రావాలి. రాలేదు. ఫోను ఎత్తలేదు. పదకొండింటికి ముకద్దెస్ నా దగ్గరికి వచ్చి, "నాతో రా జెలిహా," అంది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. హోటల్ రెండు వీధుల అవతలే. లిఫ్ట్‌లో ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

నెవెనా తలుపు తీసి మళ్లీ వెళ్లి మంచం అంచున కూర్చుంది. కుడివైపు కనుబొమ మేం నాటినట్టే పక్కులతో ఉంది. ఎడమవైపు ఏమీ లేదు. చర్మం ఎర్రగా వాచి, రెండుచోట్ల రక్తం గడ్డకట్టి ఉంది. చేతితొడుగులు తలగడ మీద మడతపెట్టి ఉన్నాయి. బల్ల మీద కాగితపు రుమాల్లో, నేను ఒక్కోటీ నాటిన వెంట్రుకలు ఒక్కోటీ వరసగా పేర్చి ఉన్నాయి. పారెయ్యలేకపోయిందట.

నేను పుండు కడిగి మందు రాస్తున్నాను. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి ముకద్దెస్ గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

"ఏమందక్కా?" అని అడిగాను.

నా వైపు చూడకుండా చెప్పింది. "'డాక్టర్ గారికి అంతా తెలుసు కదా. తెలిసి కూడా చేస్తానన్నారంటే, నాలో ఆ ఓర్పు ఉందని ఆయనకి కనబడి ఉంటుంది అనుకున్నాను. ఆయన నమ్మకాన్ని పాడుచేశాను. క్షమించమని చెప్పు' అంటోంది."

అప్పుడు అసలు సంగతి మొత్తం నాకు చెప్పింది, ఆ కార్పెట్ మీద కూర్చునే. నెవెనాకి టర్కీ భాష రాదు. మా ఇద్దరి ముఖాలూ మార్చిమార్చి చూస్తోంది. నాకు తిట్టాలనిపించింది. తిట్టలేకపోయాను. భూతద్దంలో చూసింది నేనే కదా.

ఆ సాయంత్రం ముకద్దెస్ ఆమెని హోటల్‌లో ఉంచకుండా తన ఇంటికి తీసుకుపోయింది. తిరుగుప్రయాణం వారం పాటు వాయిదా వేయించింది. సబ్రియె పెద్దమ్మకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎనభయ్యో పడిలో ఉన్న ఆమెకి బల్గేరియన్ ఇంకా నాలుక మీదే ఉంది. ఆ అమ్మాయిని ఎగాదిగా చూసి, వంటగదిలో కూర్చోబెట్టి, ముందు ఒక పళ్లెం చిక్కుళ్లు పెట్టింది.

"చేతులు ఊరికే ఉంటే పిచ్చిపనులు చేస్తాయే. వొలువు. అయ్యాక ద్రాక్షాకులు చుట్టాలి. మా ముకద్దెస్ చుట్టేవి చుట్టలూ కావు, మూటలూ కావు. నువ్వైనా నేర్చుకో."

మర్నాడు ఆదివారం నేను వెళ్లేసరికి నెవెనా ద్రాక్షాకుల్లో అన్నం పెట్టి చిటికెనవేలంత సన్నంగా చుడుతోంది. కుడి కనుబొమ అలాగే ఉంది. సబ్రియె పెద్దమ్మ నా చెవిలో, "రాత్రి నా మంచం పక్కనే పడుకోబెట్టా. రెండుసార్లు చెయ్యి లేచింది. రెండుసార్లూ చిన్నగా ఒకటేశా," అంది.

ముకద్దెస్ మాత్రం ఆ వంటగదిలో నిలవలేకపోతోంది. టీ పెట్టడానికి లేస్తుంది, పెట్టకుండానే వస్తుంది. బాల్కనీలోకి నన్ను పిలిచి అంది:

"జాలేసి అలా చెప్పానంటే ఎవరైనా నమ్ముతారు. నువ్వూ నమ్ముతావు. నాకే నమ్మకం కుదరట్లేదు. ఆ పిల్ల మాట్లాడుతున్నంతసేపూ నా చెవుల్లో ఇల్క్‌నుర్ నవ్వే ఉంది. ఇంకొకత్తెని వెనక్కి పంపాల్సొస్తుందా అనుకున్నా. ముందు వచ్చిన ఆలోచన అదే. జాలి తరవాత తెచ్చిపెట్టుకున్నదే."

"ఆమెకి చెప్పావా?"

"నోరు రావట్లేదు."

"చెప్పకపోతే డాక్టర్ నమ్మకాన్ని పాడుచేశాననుకుంటూ వెళ్లిపోతుందక్కా. అది నీ తప్పు కంటే పెద్దది కాదూ?"

ఆమె రెయిలింగ్ పట్టుకుని కింద వీధిలోకి చూస్తూ నిలబడింది. తరవాత లోపలికి వెళ్లి, చిక్కుడు తొక్కల పళ్లెం పక్కకి జరిపి, నెవెనా ఎదురుగా కూర్చుంది. వాళ్ల భాషలోనే చెప్పింది. నేను సబ్రియె పెద్దమ్మ ముఖం చూస్తూ ఉన్నాను. మొదట ఆమె చేతులు ఆగాయి. తరవాత కూతురు వైపు చూడ్డం మానేసి కిటికీ వైపు తిరిగింది.

నెవెనా అరవలేదు. చేతిలో సగం చుట్టిన ఆకుని పూర్తిగా చుట్టి గిన్నెలో పెట్టింది. తరవాత నాలుగైదు మాటలంది. అవి ముకద్దెస్ నాకు మెట్రోబస్‌లో చెప్పింది. ఆ బస్సులో ఆమె ఏడవడం అదే మొదటిసారి.

"'అది నేను జీవితంలో మొదటిసారి ఒక మనిషికి చెప్పిన సంగతి. చెప్పాననుకున్నాను. చెప్పలేదన్నమాట,' అంది ఆ పిల్ల. 'ఆయన కాదంటే ఏడ్చేదాన్ని, తిట్టుకునేదాన్ని, ఇంకోచోటికి పోయేదాన్నేమో. అదంతా నాదై ఉండేది' అంది."

నెవెనా వారం ఆగలేదు. రెండోరోజే బస్సెక్కి వెళ్లిపోయింది. వెళ్లేముందు సబ్రియె పెద్దమ్మ చెయ్యి ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకుంది. ముకద్దెస్ వైపు తిరగలేదు. ముకద్దెస్ బస్‌స్టాండుకి కూడా వెళ్లింది గాని, దూరంగా టిక్కెట్ల గది దగ్గరే నిలబడి, బస్సు కదిలాక వచ్చేసింది.

మర్నాడు పొద్దున్న ఆమె నేరుగా నెజాత్ గారి గదిలోకి వెళ్లింది. ఆ మంగళవారం నెవెనా ఏం చెప్పిందో గుర్తున్నంతవరకూ పూర్తిగా, ఒకటిన్నర పేజీ, టర్కీలో రాసి తీసుకెళ్లింది. బల్ల మీద పెట్టి, "ఇది ఆమె చెప్పింది. నేను మీకు చెప్పింది అబద్ధం. దీన్ని ఆమె ఫైల్లో పెట్టండి," అంది. నేను తలుపు దగ్గర ఉన్నాను. వెళ్లిపోవచ్చు. నన్నెవరూ అడగలేదు. అయినా లోపలికి వెళ్లి, "మొదళ్లు చూసినప్పుడు నాకు అనుమానం వచ్చిందండీ. చెప్పలేదు," అన్నాను.

ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివారు. అరుస్తారనుకున్నాం. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఆ అమ్మాయి అంతసేపు మాట్లాడింది. నువ్వు రెండు ముక్కల్లో తేల్చావు. తేడా నాకూ వినబడింది ముకద్దెస్. అడుగుదామనుకుని గడియారం చూశాను," అన్నారు.

అంతకుమించి ఎవరినీ ఏమీ అనలేదు. ఆయన తిట్టి ఉంటే మాకు కాస్త తేలికయ్యేది. ఇల్క్‌నుర్ హానిమ్ మాత్రం ముకద్దెస్ రాజీనామా ఇచ్చిందని తెలిసి, "ఇంతదానికి రాజీనామానా? కనుబొమే కదా, కన్ను కాదుగా!" అంది. ముకద్దెస్ ఆ వారంలోనే మానేసింది. డాక్టర్ ఆగమన్నా ఆగలేదు. ఇప్పుడు ఒక నోటరీ దగ్గర పాత బల్గేరియా కాగితాలు, పుట్టిన పత్రాలు, పింఛను ఉత్తరాలు తర్జుమా చేస్తుంది. అక్కడ మనుషులు మాట్లాడరు, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు అంటుంది. రెండోసారి చదివించుకోకుండా ఒక్కదాని మీదా ముద్ర వెయ్యనివ్వదట. ఆ నోటరీ ఆయన ఆమె చాదస్తానికి విసుక్కుంటాడట. ఇంట్లో అత్తరు సీసాల అల్మరా ఖాళీ చేసేసింది. ఎవరికిచ్చిందో నేనడగలేదు.

నెవెనాకి ఆమె మూడు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు. నాలుగోది రాస్తానంటే సబ్రియె పెద్దమ్మే ఆపింది. "క్షమించమని పదేపదే అడగడం కూడా ఆ పిల్లని పీక్కుతినడమే. ఊరుకో," అందట.

రెండున్నరేళ్ల తరవాత ఫిబ్రవరిలో నెవెనా మళ్లీ మా క్లినిక్‌కి వచ్చింది. ఈసారి పక్కన మొగుడున్నాడు. పొడుగ్గా, మాట్లాడని మనిషి, ఆమె కోటు చేతిమీద వేసుకుని నిలబడ్డాడు. నుదుటి మీద జుట్టు లేదు, వెనక్కి దువ్వుకుంది. కుడి కనుబొమ ఒత్తుగా పెరిగింది. తలమీది వెంట్రుక కాబట్టి అది పెరుగుతూనే ఉంటుంది, వారానికోసారి కత్తిరించుకోవాలి. కత్తిరించుకుంటోందని చూడగానే తెలిసింది. ఎడమవైపు పెన్సిల్ కూడా పెట్టుకోలేదు. ఖాళీగా ఉంది. వాళ్ల ఊరి మనసు డాక్టర్ ఉత్తరం తెచ్చింది.

ఇప్పుడు మా దుబాసీ రెమ్జీ మాస్టారని, బడిలో చరిత్ర చెప్పి పింఛను తీసుకున్నాయన. నెవెనా తన కథంతా మొదటి నుంచీ చెప్పింది. ఆయన ఒక్కో వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపి, అది మాకు చెప్పి, తరవాతిది వినేవారు. పెళ్లి ఏడాది వాయిదా పడిందట, తనే వాయిదా వేసిందట, అతనికి చెప్పాక. తిరిగి వెళ్లిన మొదటి మూణ్నెల్లలో రెండుసార్లు పీకిందట. ఆ రెండుసార్లూ ఎప్పుడో నెలా తేదీ చెప్పింది. నెజాత్ గారు ప్రతిదీ మళ్లీ అడిగారు. నేను ఆమె చర్మం భూతద్దంలో చూసి, కనబడింది కనబడినట్టు గట్టిగా చెప్పాను. ఆ రోజు ఎడమవైపు నాటడం నా వంతే అయింది. మధ్యలో రెండుసార్లు లేచి కిటికీ దగ్గర నిలబడి వచ్చాను.

ఆమె నన్ను గుర్తుపట్టింది. వెళ్లేటప్పుడు నాకు మందారంరంగు ఊలుతో అల్లిన సాక్సులు ఇచ్చింది. సబ్రియె పెద్దమ్మకి ఇంకొక జత ఇచ్చి, చేర్చమంది. ముకద్దెస్ పేరు ఎత్తలేదు. ఎత్తుతుందేమోనని లిఫ్ట్ దాకా వెంట వెళ్లాను. ఎత్తలేదు.

సాయంత్రం బస్‌స్టాపులోంచి ముకద్దెస్‌కి ఫోన్ చేశాను. చెప్పాలా వద్దా అని చాలాసేపు తటపటాయించి, చివరికి చేశాను. కుడివైపు ఎలా పెరిగిందో, మొగుడు ఎలాంటివాడో, ఉత్తరం సంగతీ, సాక్సుల సంగతీ అన్నీ చెప్పాను. 

"నా గురించి అడిగిందా?" అంది ఆఖరికి.

"లేదక్కా."

"సరే."

వెనక నుంచి సబ్రియె పెద్దమ్మ "ఎవరే, ఏమంటోంది?" అని కేకేస్తోంది. ముకద్దెస్ ఫోను కట్ చేశాననుకుంది గాని, కట్ అవలేదు. తల్లితో చెప్పడం నాకు వినబడింది.

"నెవెనా వచ్చిందటమ్మా. ఎడమవైపు బాగా నాటారట. నీకు సాక్సులిచ్చిందట." కాస్త ఆగి, "నన్ను అడగలేదట," అని కూడా చెప్పింది.